డబ్బిచ్చి విన్న పాట

స్పెయిన్‌లోని సెవిల్ నగరానికి దారి చూపే గైడు పుస్తకాలు తరచుగా ఒక హెచ్చరిక చేస్తాయి. యాత్రికుల కోసం వేదికలెక్కే ఫ్లమెంకో ఆటపాట ఉత్తుత్తిది, అసలైనది గ్వాదల్కివిర్ నది అవతల త్రియానా పేటలో, టికెట్టు లేనిచోట, అర్ధరాత్రి దాటాక ఇరుగుపొరుగు మధ్య వినిపిస్తుంది, దాన్ని వెతికి పట్టుకోండి అని. ఈ మాట వెనక ఒక ఊహ ఉంది. మొదట కల్తీలేని జానపద కళ ఉండేదట, తర్వాత పైవాళ్లు వచ్చి డబ్బు చల్లి దాన్ని చెడగొట్టారట. ఆ ఊరు మిగిల్చిన ఆధారాల ముందు ఈ వరస నిలబడదు. సెవిల్‌లో ఇవాళ యాత్రికుడు చూసే పాట, ఆట, సంత, పాతపేట చాలావరకు బయటివాడు చూస్తుండగానే, అతను చెల్లించబోయే వెలను లెక్కలో పెట్టుకునే రూపు దిద్దుకున్నాయి. అంతమాత్రాన అవి బూటకాలు కావు. అసలా, నకిలీయా అన్న తగువు పక్కనపెట్టి మరో ప్రశ్న అడగాలన్నది నా వాదన: ఆ డబ్బు ఎవరికి చేరింది, కళను మోసినవాళ్లకు ఆ ఊళ్లో చోటు మిగిలిందా?

1845తో మొదలుపెడదాం. రిచర్డ్ ఫోర్డ్ రాసిన స్పెయిన్ యాత్రికుల చేతిపుస్తకం లండన్‌లో అచ్చయింది ఆ ఏడాదే. ప్రాస్పర్ మెరిమే ‘కార్మెన్’ కథ పారిస్ పత్రికలో వెలువడిందీ ఆ ఏడాదే. ఫోర్డ్ 1830ల మొదట్లో సెవిల్‌లో కాపురమున్నవాడు, ఆ ఊరి వీధులూ మనుషులూ బాగా ఎరిగినవాడు. త్రియానాలో జిప్సీల ఆట చూడాలంటే డబ్బిచ్చి ఏర్పాటు చేయించుకోవచ్చని ఆయన తన పాఠకులకు చెప్పాడు. అంటే గైడు పుస్తకాల తొలినాళ్లకే ఈ బేరం ఉంది. మెరిమే కథలోని జిప్సీ కథానాయిక పొగాకు ఫ్యాక్టరీలో కూలి. ఆ ఫ్యాక్టరీ కల్పన కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో రాజభవనమంత హంగుతో కట్టిన ఆ కట్టడంలో తర్వాతి శతాబ్దంలో వేలమంది ఆడవాళ్లు చుట్టలు చుట్టేవారు, ఇప్పుడది విశ్వవిద్యాలయం. కథ చదివినవాళ్లు, 1875 తర్వాత ఆ కథ మీద బిజే కట్టిన ఒపెరా చూసినవాళ్లు, కార్మెన్‌ను కళ్లారా చూడాలని సెవిల్‌కు వచ్చారు. వాళ్లను అందుకునేందుకు ఊళ్లో నాట్యశాలలు ముందే సిద్ధంగా ఉన్నాయి. పంతొమ్మిదో శతాబ్దం నడిమికే అక్కడి నాట్యాచార్యులు తమ బడుల్లో రాత్రి ప్రదర్శనలు పెట్టి, పరదేశులను రప్పించి, ప్రవేశ రుసుము తీసుకునేవారు. 1862లో దవిలియే ప్రభువు, చిత్రకారుడు గుస్తావ్ దోరే కలిసి స్పెయిన్ తిరిగినప్పుడు చూసిన సెవిల్ ఆటల్లో ఇలాంటివీ ఉన్నాయి. దోరే బొమ్మలు యూరప్ అంతా పాకి మరింతమందిని ఆ దారి పట్టించాయి.

ఇవన్నీ ఆటకు సంబంధించినవి, పాట సంగతి వేరు అనేవాళ్లుంటారు. ఫ్లమెంకోకు గుండెకాయ పాట కనుక ఈ అభ్యంతరానికి నిదానంగా జవాబు చెప్పాలి. సిల్వేరియో ఫ్రాంకొనెత్తి సెవిల్‌లో పుట్టాడు, తండ్రి ఇటలీవాడు, తను జిప్సీ కాదు. కొన్నేళ్లు దక్షిణ అమెరికాలో గడిపి 1864లో తిరిగొచ్చాడు. 1881లో రొసారియో వీధిలో తన పేరుతోనే ఒక కఫే తెరిచాడు. మద్యం, బల్లలు, కొంచెం ఎత్తున వేదిక, దాని మీద జీతానికి పాడే గాయకులు, గిటారిస్టులు, ఆడేవాళ్లు: ‘కఫే కాంతాంతే’ అంటే ఇదే. సిల్వేరియో నోట విన్న పాటలు కూడా చేర్చి అంతోనియో మచాదో ఇ అల్వారెస్ అనే జానపద పరిశోధకుడు తన ఫ్లమెంకో పాటల సంకలనాన్ని అచ్చువేసింది కూడా 1881లోనే. దెమోఫిలో అన్న కలం పేరుతో రాసిన ఈయన మచాదో కవి సోదరులకు తండ్రి. ఆ పుస్తకం ముందుమాటలోనే కఫేలు జిప్సీ పాటను చంపేస్తాయని ఆయన బాధపడ్డాడు. ఆ బాధలో నిజాయితీ ఉంది, పరిశీలన కూడా ఉంది. కానీ తర్వాత జరిగింది వేరు. కదీస్ గాయకుడూ హెరేస్ గాయకుడూ త్రియానా గాయకుడూ ఒకే వేదిక మీద, రోజూ, ఒకరినొకరు వింటూ పాడటం కఫేల్లోనే కుదిరింది. గిటారు పాట వెనక తాళం పట్టే స్థితి నుంచి తనంతట తాను మాట్లాడే స్థితికి ఎదిగింది ఆ వేదికల మీదే. సొలెయా, సిగిరియా వంటి బాణీలు ఇవాళ మనం గుర్తుపట్టే ఆకారానికి వచ్చింది ఆ దశాబ్దాల్లోనే. అంతకుముందు కమ్మరి కొలిమి దగ్గర, ఇంటి వాకిట్లో పాట లేదా అంటే, తప్పకుండా ఉంది. అయితే దానికి మనకు దొరికే తొలి సాక్ష్యాలు కూడా ఎక్కువగా అతిథుల కలం నుంచి వచ్చినవే. 1847లో పుస్తకంగా వచ్చిన ఎస్తెబానెస్ కల్దెరోన్ రాసిన, సెవిల్ ఉన్న ఆందలూసియా సీమ చిత్రణల్లో ఎల్ ప్లానేతా అనే గాయకుడు త్రియానాలో పాడుతుంటే, కూర్చుని విని రాసుకున్నవాడు మలగా నుంచి వచ్చిన పెద్దమనిషి.

డబ్బు లేని పాటను వెతకడానికి జరిగిన అతి గొప్ప ప్రయత్నం 1922 జూన్‌లో గ్రనదాలో జరిగింది. స్వరకర్త మాన్వెల్ దె ఫాయా, యువకవి లోర్కా, వాళ్ల మిత్రులు కలిసి అల్హంబ్రాలో, ‘లోతైన పాట’ అని పిలిచే పాత ఫ్లమెంకో పాటకు పోటీ పెట్టారు. ఇరవై ఒక్క ఏళ్లు దాటిన వృత్తి గాయకులకు పోటీలో ప్రవేశం లేదు. పల్లెల్లో మిగిలిన స్వచ్ఛత బయటపడాలని వాళ్ల కోరిక. ఆ కోరికను నేను గౌరవిస్తాను, అంత ప్రేమతో ఆ పాటను పట్టించుకున్నవాళ్లు స్పెయిన్ చదువరుల్లో అప్పటికి బహు కొద్దిమంది. కానీ ఫలితం చూడండి. అక్కడ గెలిచి వెలుగులోకి వచ్చిన పిల్లవాడు మనోలో కరకోల్. సెవిల్‌లో అలమేదా దె ఎర్కులెస్ ప్రాంతంలో పుట్టినవాడు, తరతరాలుగా గాయకులూ ఎద్దుల పోరు వీరులూ ఉన్న వంశంవాడు. పోటీకి పెద్ద న్యాయనిర్ణేత అంతోనియో చకోన్. సిల్వేరియో కఫేలో పాడి పేరు తెచ్చుకున్నవాడు. వృత్తిని గుమ్మం దగ్గర ఆపారు, కానీ తీర్పు చెప్పడానికీ పాట అందించడానికీ వృత్తివాళ్లే కావలసివచ్చారు.

మన దేశపు పాఠకుడికి మరో సందేహం కలుగుతుంది. జిప్సీల భాష భారతీయ మూలం గలది, వాళ్ల పూర్వీకులు వాయవ్య భారతం నుంచి వలస వెళ్లినవాళ్లు, కాబట్టి ఫ్లమెంకో మన నాట్యాల సంతతే కదా అని. భాష సంగతి, వలస సంగతి నిజం. కానీ వాళ్లు స్పెయిన్‌లో అడుగుపెట్టింది పదిహేనో శతాబ్దంలో, ఫ్లమెంకో పేరుతో ఒక కళ కనిపించింది పంతొమ్మిదో శతాబ్దంలో. నడుమ నాలుగు వందల ఏళ్లు. హంగరీ జిప్సీలకు, రష్యా జిప్సీలకు గొప్ప సంగీతాలున్నాయి, ఫ్లమెంకో లేదు. అది ఆందలూసియా మట్టిలో, జిప్సీలూ ఇతర పేదలూ కలిసి బతికిన వాడల్లో పుట్టింది. దాన్ని మన ఖాతాలో వేసుకుంటే ఆ వాడల శ్రమను చెరిపేసినట్టవుతుంది.

పాట ఒక్కటే కాదు. ఏప్రిల్‌లో జరిగే ఫెరియాను సెవిల్ ప్రజల ప్రాచీన పండుగగా పొరబడటం తేలిక. దాన్ని 1846లో నగరసభలో ప్రతిపాదించినవారు హోసె మరియా ఇబార్రా, నర్సీసో బొనప్లాతా. ఒకరు బాస్క్ సీమ నుంచి, ఒకరు కతలూన్యా నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారులు. 1847లో మొదలైన ఆ సంత పశువుల బేరానికి. వచ్చినవాళ్లు గుడారాలు వేసుకుని తిని తాగి ఆడారు. చివరికి పశువులు పోయి గుడారాలు మిగిలాయి. ఇప్పుడు వెయ్యికి పైగా గుడారాల్లో ఎక్కువ భాగం కుటుంబాలవి, సంఘాలవి. పిలుపు లేనివాడికి లోపలికి దారి లేదని యాత్రికుడు ముందే తెలుసుకోవడం మంచిది. సాంతా క్రూస్ పేట కథ ఇంకా సూటిగా ఉంటుంది. అది మధ్యయుగాల యూదుల వాడ. 1391 ఊచకోత దాన్ని ఖాళీ చేసింది. తెల్లగోడలు, కుండీలు, చిన్న చతురస్రాలతో మనకు కనిపించే పేట చాలావరకు 1910లు, 20లలో వేగా-ఇంక్లాన్ మార్కిస్ ఆధ్వర్యంలో తీర్చిదిద్దినది. ఆయన పదవి రాజు నియమించిన పర్యాటక కమిషనర్. 1929 ఐబెరో-అమెరికా ప్రదర్శన కోసం ఊరంతా ముస్తాబవుతున్న రోజులవి. అనీబల్ గొన్సాలెస్ కట్టిన ప్లాసా దె ఎస్పాన్యా ఆ ముస్తాబులో కిరీటం. అక్కడి ఇటుక పని, త్రియానా పింగాణీ పలకలు చేయి తిరిగిన పనివాళ్ల చలవ, వాటిని కొత్తవని తీసిపారేయడం అన్యాయం.

అయితే డబ్బుకు చేసిందంతా మంచిదేనా అని ఎవరైనా నిలదీస్తే, కాదనే చెప్పాలి. బలమైన అభ్యంతరం ఇదే, దీనికి జవాబు త్రియానాలో ఉంది. 1749 జులైలో స్పెయిన్ ప్రభుత్వం దేశమంతటా జిప్సీలను ఒకేసారి చుట్టుముట్టి నిర్బంధించినప్పుడు సెవిల్ జిప్సీలు కూడా ఆ వలలో పడ్డారు. ఆ దెబ్బను తట్టుకుని మళ్లీ అదే పేటలో నిలదొక్కుకున్న కుటుంబాలను ఇరవయ్యో శతాబ్దం లేపేసింది. 1950లు, 60లలో ఇళ్ల స్థలాల ధరలు పెరిగి, ఉమ్మడి వాకిలి చుట్టూ గదులుండే పాత ఇళ్లు కూలుతుంటే, త్రియానా జిప్సీలను నగరం అంచులకు పంపేశారు. చాలామంది చివరికి చేరింది దక్షిణాన పొలీగొనో సూర్‌కు, జనం మూడు వేల ఇళ్లు అని పిలిచే కాలనీకి. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే స్పెయిన్ ప్రభుత్వం ఫ్లమెంకో గౌను తొడిగిన అమ్మాయిని పోస్టర్ల మీదకెక్కించి పరదేశులను పిలిచింది. పాటకు కీడు చేసింది టికెట్టు కాదు. పాట పేరు పేటకు ఉంచి, పాడే మనుషులను పేట నుంచి తీసేయడం. కఫేలో పాడినవాడికి కనీసం జీతం వచ్చింది. త్రియానా పేరుతో పెరిగిన అద్దెలు త్రియానావాళ్లకు రాలేదు.

1983లో చెల్లాచెదురైన ఆ పాత పేటవాళ్లు లోపె దె వేగా నాటకశాల వేదికనెక్కి పాడారు, ఆడారు. రికార్డు నిర్మాత రికార్దో పచోన్ ఆ రాత్రి చిత్రణను దాచి, 2013లో ‘త్రియానా పూరా ఇ పూరా’ పేరుతో డాక్యుమెంటరీగా తెచ్చాడు. వాళ్ల పాట ప్రేక్షకుల ముందు, వెలుగుల కింద దొరికింది. అదే పచోన్ 1979లో ఫ్లమెంకో గాయకుడు కమరోన్ ‘లా లెయెందా దెల్ తియెంపో’ ఆల్బమ్ నిర్మించినప్పుడు అందులో గిటారు వాయించినవాళ్లలో రైముందో అమదోర్ ఉన్నాడు. మూడు వేల ఇళ్లలో పెరిగి, తమ్ముడు రఫాయెల్‌తో కలిసి ‘పాతా నేగ్రా’ పేరుతో ఫ్లమెంకోలో బ్లూస్ కలిపినవాడు. 2010లో యునెస్కో ఫ్లమెంకోను మానవాళి వారసత్వాల జాబితాలో చేర్చింది. అయినా యాత్రికుల కోసం అచ్చయ్యే పటాలు త్రియానాలో కొలిమి ఉన్న వీధిని గుర్తుపెట్టి, ఆ కొలిమివాళ్ల మనవలు ఉంటున్న పొలీగొనో సూర్ దాకా సాధారణంగా సాగవు. పాటకు డబ్బివ్వడానికి సంకోచించే యాత్రికుడు ముందు అడగవలసింది ఆ పటం గీసినవాళ్లను.