పొగను ముందు పసిగట్టింది మన అమ్మలే



మాచర్ల, బొల్లాపల్లి వైపు మన తండాల్లో, చెంచుగూడేల్లో కట్టెల పొయ్యి ఇంకా ఆరలేదు. ఆ పొగకీ ఒక చరిత్ర ఉంది.

1965లో అమెరికాలో డ్యూయేన్ పియర్సల్ బ్యాటరీతో పనిచేసే ఇంటి పొగ అలారం తయారుచేశారు. అక్కడ ఇంట్లో పొగంటే ప్రమాదం. మనకేమో పొగంటే వంట అవుతోందని అర్థం. 1980ల మొదట్లో కిర్క్ స్మిత్ అనే శాస్త్రవేత్త గుజరాత్ పల్లెల్లో, వంట చేసే ఆడవాళ్లు పీల్చే పొగను కొలిచారు. 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల పథకం మొదలుపెట్టింది. 1999లో మన రాష్ట్రంలో దీపం, 2016లో దేశమంతా ఉజ్వల వచ్చాయి. సిలిండర్ అయితే వచ్చింది. అది అయిపోయాక మళ్లీ కొనే డబ్బుల్లేని ఇళ్లలో పొయ్యే దిక్కయింది.

ఇప్పుడు అలారం కొనాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. పొయ్యి పైనే బిగిస్తే రోజూ మోగుద్ది, విసుగొచ్చి బ్యాటరీ పీకేస్తాం. ఇక నిజంగా ఇల్లు అంటుకున్న రోజు అది మోగదు. పొయ్యికి కనీసం 10 అడుగుల దూరంలో, మనం పడుకునే వైపు, ఎత్తులో పెట్టాలి. ఆరీ ఆరని నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. దాన్ని పట్టే అలారం వేరే.

అయినా అలారం లేపేది నిప్పంటుకున్నప్పుడే. రోజూ పీల్చే పొగకి పొగగొట్టం, కిటికీ, సిలిండర్ డబ్బులు కావాలి. మన చరిత్ర రాసేటప్పుడు పోరాటాల పక్కన అమ్మల దగ్గు కూడా రాద్దాం.