స్ట్రీట్ వ్యూ వైఫై వివాదం

వీధుల ఫొటోలు తీస్తూ తిరిగిన గూగుల్ స్ట్రీట్ వ్యూ కార్లు, పాస్‌వర్డ్ పెట్టని వైఫై నెట్‌వర్కుల్లో పోతున్న సమాచారాన్ని కూడా పట్టుకున్న ఉదంతం. నెట్‌వర్క్ పేరు, రూటర్ గుర్తింపు సంఖ్య ఉంటే ఫోన్ తానెక్కడుందో పసిగట్టగలదు. వాటి నమోదే అసలు ఉద్దేశం. హాంబర్గ్ అధికారులు ఆరా తీశాక, అంతకు మించి సేకరించామని 2010 మే 14న కంపెనీ ఒప్పుకుంది. కారు కదులుతుంటుంది, పరికరం సెకనుకు సుమారు 5 సార్లు ఛానల్ మారుస్తుంది, కాబట్టి దొరికేవి తునకలేనన్న వాదన నిలవలేదు. కొన్నిచోట్ల పూర్తి ఈమెయిళ్లు, పాస్‌వర్డులు చిక్కాయని అక్టోబరులో తనే వెల్లడించింది. ఫ్రాన్స్ 2011లో లక్ష యూరోలు, హాంబర్గ్ 2013లో 1,45,000 యూరోలు జరిమానా వేశాయి. ఆ కంపెనీ రాబడికి ఇవి చిల్లర డబ్బులు. అమెరికాలో 38 రాష్ట్రాలతో రాజీకి మాత్రం 70 లక్షల డాలర్లు కట్టింది.

భారత్‌లో 2011లో బెంగళూరులో మొదలైన చిత్రీకరణను పోలీసులు భద్రతా కారణాలు చెప్పి ఆపించారు. 2022 జులైలో జెనెసిస్, టెక్ మహీంద్రా సంస్థలు తీసిన చిత్రాలతో హైదరాబాద్ సహా 10 నగరాల్లో సేవ తిరిగి వచ్చింది. ఇక చట్టపరంగా చూస్తే, గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది.