కేంద్రీకృత క్లస్టర్లలో హోస్ట్ నెట్‌వర్క్ అమరికలు: చారిత్రక పరిశీలన

తాడిపత్రిలో చేను అమ్మిన రైతుకు, సాధారణంగా, దస్తావేజు రిజిస్టరైన రోజే మిగిలిన సొమ్ము చేతికందుతుంది. ‘నెట్‌వర్క్ లేదు’ అన్న ఒక్క మాటతో ఆ పని వాయిదా పడినప్పుడు, లోపం ఆ ఊరిలోనే ఉండాలన్న నియమం లేదు. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో ‘కార్డ్’ పథకం ప్రారంభమైనప్పుడు కార్యాలయానికొక సర్వరు ఉండేది. అది చెడితే ఆ ఒక్క కార్యాలయం పనే నిలిచేది. తరువాతి కాలంలో సమాచారం కేంద్ర సర్వర్లకు తరలడంతో ఆ హద్దు చెరిగిపోయింది.

ఆ సర్వర్లు ఏ సంస్థ సాఫ్ట్‌వేరుపై నడిచినా, కేంద్రీకరణలోని చిక్కు ఒక్కటే. 1998లోనే అమెరికాలో స్థాపితమైన వీఎంవేర్ సంస్థ చరిత్రలో అది స్పష్టంగా కనిపిస్తుంది. ఒకే భౌతిక యంత్రం, అంటే హోస్ట్, మీద పలు వర్చువల్ యంత్రాలను నడిపే ఈఎస్ఎక్స్ 2001లో వచ్చింది. హోస్ట్‌లన్నిటినీ ఒకచోటి నుండి నిర్వహించే వర్చువల్ సెంటర్, నడుస్తున్న వర్చువల్ యంత్రాన్ని ఆపకుండా మరో హోస్ట్‌కు తరలించే వీమోషన్ 2003 నాటివి. స్విచ్ అమరికలు మాత్రం హోస్ట్ హోస్ట్‌కూ విడివిడిగానే చేయవలసి వచ్చేది. పది హోస్ట్‌లలో ఒకదానిపై వీలాన్ సంఖ్య తప్పుపడితే అది వెంటనే బయటపడదు. వర్చువల్ యంత్రం అక్కడికి చేరిననాడు దాని సంబంధాలు తెగిపోతాయి.

2009లో వెలువడిన వీస్ఫియర్ 4 ఇందుకు రెండు ఉపాయాలు చూపింది: క్లస్టరంతటికీ ఉమ్మడి స్విచ్, ఒక హోస్ట్‌ను నమూనాగా తీసుకొని మిగిలినవాటిని సరిచూసే హోస్ట్ ప్రొఫైల్. అయినా ఐపీ చిరునామా నమూనాకు లొంగదు. రెండు హోస్ట్‌లకు ఒకే చిరునామా ఇస్తే ఘర్షణ తప్పదు. అందువల్ల ఏ హోస్ట్ వివరాలను ఆ హోస్ట్ పేరిట విడిగా భద్రపరచవలసి వచ్చింది. కేంద్రీకరణ అని పేరే గాని, స్థానిక చిట్టా చెరగలేదు.

అసలు ప్రమాదం మరొకటి. నెట్‌వర్క్‌ను మార్చమనే ఆదేశం ఆ నెట్‌వర్క్ మీదుగానే ప్రయాణిస్తుంది. నిర్వహణ మార్గం తెగితే, తప్పును దిద్దే ఆదేశం కూడా హోస్ట్‌కు చేరదు. ఎవరైనా ఆ యంత్రం కన్సోల్ ముందుకు వెళ్లాలి. 2012 నాటి వీస్ఫియర్ 5.1లో, మార్పు తరువాత కేంద్రంతో సంబంధం కోల్పోయిన హోస్ట్ తనంతట తానే పాత అమరికలకు మరలే ఏర్పాటు వచ్చింది. అయితే అది కాపాడేది నిర్వహణ మార్గాన్నే. వర్చువల్ యంత్రాల వీలాన్ సంఖ్య తప్పినప్పుడు హోస్ట్ కేంద్రానికి కనబడుతూనే ఉంటుంది, వెనుకకు మరలదు. తాడిపత్రి కార్యాలయంలో దస్తావేజు మాత్రం ముందుకు సాగదు.