కుక్క జాతా, రకమా?

ఇంగ్లండులో కుక్కల చట్టాలు పాతవే. 1871 చట్టం ప్రకారం ఒక కుక్క ప్రమాదకరమని తేలితే, దాన్ని అదుపులో పెట్టమనో చంపమనో మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వచ్చు. ఏ కుక్కైనా సరే, అది చేసిన పనిని బట్టే తీర్పు. ఆ చట్టం ఇంకా ఉంది.

1991లో సంగతి మారింది. ఆ మే నెలలో పిట్ బుల్ కుక్కలు మనుషుల్ని ఘోరంగా కరిచాయి. బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక చిన్నపాపని కూడా. పేపర్లు గోల పెట్టాయి. హోం మంత్రి కెనెత్ బేకర్ కొన్ని వారాల్లోనే కొత్త చట్టం తెచ్చారు. నాలుగు రకాలను నిషేధించారు: పిట్ బుల్ టెరియర్, జపనీస్ టోసా, డోగో అర్జెంటీనో, ఫీలా బ్రెజిలేరో.

"రకాలు" అని కావాలనే రాశాను. చట్టంలోని మాట టైప్, బ్రీడ్ కాదు. మనకీ రకం వేరు, జాతి వేరు కదా! 1993లో కోర్టు కూడా అదే చెప్పింది. కాబట్టి కుక్క తల్లిదండ్రులు ఎవరని అడగరు. తల, ఛాతీ, కాళ్లు చూస్తారు. పోలికలు చాలావరకు కుదిరితే చాలు. పైగా ఆ రకం కాదని నిరూపించాల్సింది యజమానే. ఇది నాకు మింగుడుపడదు. మొదట్లో నేరం రుజువైతే కుక్కను చంపమనక జడ్జికి తప్పేది కాదు. 1997 సవరణతో కాస్త వెసులుబాటు వచ్చింది.

2024 ఫిబ్రవరి 1 నుంచి ఇక్కడ ఎక్స్‌ఎల్ బుల్లీకీ మినహాయింపు సర్టిఫికెట్ కావాలి. బయటికి తెస్తే మెడకు పట్టీ, మూతికి చిక్కం. (ఎద్దుల మూతికి కట్టేదీ చిక్కమే, మంచి మాట.) ఈసారీ ముందు చూసేది కొలతే: భుజం దగ్గర మగదైతే 51 సెంటీమీటర్లు, ఆడదైతే 48. అది ఎవరినైనా కరిచిందా అన్న ప్రశ్న ఆ కొలతల్లో లేదు.