ఉప్పు కథలో లేని గొంతు

నాచారం నుంచి తార్నాక వెళ్తుంటే హబ్సిగూడ దాటాక జాతీయ పోషకాహార సంస్థ కనిపిస్తుంది. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ బెరిబెరి మీద మొదలుపెట్టిన పరిశోధన 1958లో హైదరాబాదుకి తరలివచ్చి, 1969లో ఈ పేరు పెట్టుకుంది. అంతకుముందు ఆయన గిల్గిత్‌లో గాయిటర్ మీద పనిచేశాడు. 1956లో మన శ్రీకాకుళంలో పుట్టిన రామలింగస్వామి బృందం కాంగ్రా లోయలో అయోడిన్ ఉప్పు పంచి, గాయిటర్ తగ్గుతుందని చూపించింది. 1962లో జాతీయ కార్యక్రమం వచ్చింది. మన దేశంలో థైరాయిడ్ చరిత్రంటే ప్రధానంగా ఈ ఉప్పు చరిత్రే. అది ఎందరో పిల్లల మెదడుని కాపాడింది, కాదనను. కానీ నా గొంతులోని జబ్బు వేరు.

1912లో హకారు హషిమోతో అనే జపాన్ సర్జన్ నలుగురు రోగుల థైరాయిడ్ గ్రంథుల్లో ఒక కొత్త జబ్బుని గుర్తించాడు. నలుగురూ స్త్రీలే. జబ్బుకి ఆయన పేరు నిలిచింది. ఆ నలుగురి పేర్లూ ఎవరికీ గుర్తులేవు. కాంగ్రాలో ఉప్పు పంచిన 1956లోనే లండన్‌లో డెబొరా డోనియాక్, ఐవన్ రోయిట్ బృందం ఈ రోగుల శరీరం తన గ్రంథి మీదే యాంటీబాడీలు తయారుచేస్తోందని కనిపెట్టింది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా నా అలసటకి పేరు దొరకడానికి మూడేళ్లు పట్టింది. అప్పటిదాకా ఒక క్లినిక్‌లో విన్నది ఒకటే: "ఈ వయసులో మామూలేనమ్మా."

పేరు తెలిశాక సలహాలు మొదలయ్యాయి. ఉప్పల్ మందుల షాపుల్లో సెలీనియం, బయోటిన్ డబ్బాలు వరసగా ఉంటాయి. సెలీనియం యాంటీబాడీలను కొంత తగ్గించవచ్చు గానీ హార్మోన్ మాత్రకి బదులు కాదు. బయోటిన్ రక్తపరీక్షల ఫలితాలనే తప్పుగా చూపించగలదు. అయోడిన్ ఎక్కువైతే ఈ జబ్బు ముదరొచ్చు.

అసలు మందు చవకైనదే. పరగడుపున వేసుకుని అరగంటో గంటో ఆగాలి. మనలో చాలామంది మింగే ఐరన్, కాల్షియం మాత్రలకి నాలుగు గంటల దూరం ఉండాలి. పొద్దున్నే వంట ముగించి నాచారం పారిశ్రామికవాడకి పరుగెత్తే మనిషికి ఆ గంట ఎవరిస్తారు? డాక్టరు ఒప్పుకుంటే రాత్రి భోజనమైన మూడు గంటలకి వేసుకోవచ్చు. కానీ అందరి తర్వాత తిని, గిన్నెలు తోమి పడుకునే ఆమెకి ఆ మూడు గంటలు నిద్రలోంచే పోవాలి. పోషకాహార చరిత్ర మన నోట్లోకి ఏం వెళ్లాలో చాలా శ్రద్ధగా లెక్కపెట్టింది. ఈ గంటల లెక్క మాత్రం మనమే రాసుకోవాలి.