పటాన్‌చెరు–సంగారెడ్డి పారిశ్రామిక వాడల్లో హైస్కూలు పిల్లల స్కాలర్‌షిప్‌లు

సంగారెడ్డి జిల్లాలోని పటాన్‌చెరు, రామచంద్రాపురం, బొల్లారం, పాశమైలారం, జిన్నారం, గుమ్మడిదల ప్రాంతాల్లో ఫ్యాక్టరీ పనుల మీద బతికే కుటుంబాల పిల్లలకు ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ దాకా రకరకాల ఆర్థిక సాయాలు ఉన్నాయి. వాడుకలో అన్నిటినీ స్కాలర్‌షిప్ అనే అంటారు గానీ వాటి మూలాలు వేరు. పరీక్ష రాసి గెలుచుకునేవి కొన్ని. కులాన్నీ ఆదాయాన్నీ బట్టి వచ్చేవి కొన్ని. తల్లిదండ్రులు చేసే పనిని బట్టి దక్కేవి, కంపెనీలూ ట్రస్టులూ ఇచ్చేవి మరికొన్ని. పథకాలకు కరువు లేదు. ఈ ప్రాంతపు చిక్కంతా కాగితాల దగ్గరే: స్కాలర్‌షిప్ నిబంధనలు స్థిరంగా ఒకచోట ఉండే కుటుంబాన్ని ఊహించుకుని రాసినవి, ఇక్కడి బతుకు కాంట్రాక్టు బతుకు.

నేపథ్యం

హైదరాబాదు–ముంబై రహదారి పొడవునా ఈ వాడ దశలవారీగా పెరిగింది. 1960ల్లో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్, 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చాయి. ఇందిరాగాంధీ 1980లో మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికైన తర్వాత పరిశ్రమల రాక జోరందుకుంది. మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలు బొల్లారం చుట్టూ చేరాయి. పర్మినెంట్ ఉద్యోగులకు టౌన్‌షిప్పులూ వాటిలో మంచి బడులూ దొరికాయి. తర్వాతి తరం కార్మికుల్లో ఎక్కువమంది లేబర్ కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లు. నారాయణఖేడ్, జహీరాబాద్ పల్లెల నుంచీ బీదర్ వైపు నుంచీ వచ్చినవాళ్లకు ఆ తర్వాత ఒడిశా, బిహార్, జార్ఖండ్ వాళ్లు తోడయ్యారు. స్కాలర్‌షిప్ అవసరం ప్రధానంగా వీళ్ల పిల్లలదే.

చదువుకు సాయం చేయడం ఈ నేలకు కొత్త కాదు. నిజాం కాలంలో జిల్లాల నుంచి హైదరాబాదు వచ్చి చదువుకునేవాళ్లకు 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ లాంటి కుల వసతిగృహాలే పెద్ద దిక్కు. దళిత విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ ఉపకార వేతనం 1944లో, బ్రిటిష్ ఇండియాలో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంటు విస్తరించి, దరఖాస్తులు ఈపాస్ వెబ్‌సైటుకు మారాయి. తెలంగాణలో ఇప్పటికీ అదే దారి.

ఎనిమిదో తరగతి పరీక్ష

హైస్కూలు పిల్లలకున్న సాయాల్లో అన్నిటికంటే నికరమైనది నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్. బడుల్లో దీన్ని ఎన్‌ఎంఎంఎస్ అంటారు. పేద పిల్లలు ఎనిమిదితో చదువు మానేయకుండా కేంద్రం 2008లో ప్రారంభించింది. దేశం మొత్తానికి ఏటా లక్ష స్కాలర్‌షిప్‌లు, అందులో తెలంగాణ వాటా 2,921. మొదట్లో ఏడాదికి 6,000 రూపాయలు ఇచ్చేవారు, 2017 ఏప్రిల్ నుంచి 12,000 చేశారు. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా నాలుగేళ్లకు 48,000 రూపాయలు. ఆ తర్వాత ధరలు పెరిగాయి గానీ మొత్తం పెరగలేదు.

ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదువుతూ ఏడో తరగతిలో కనీసం 55 శాతం మార్కులు తెచ్చుకున్నవాళ్లు దీనికి అర్హులు. ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం చాలు. కుటుంబ వార్షికాదాయం 3.5 లక్షలు మించకూడదు. కేంద్రీయ విద్యాలయాలు, నవోదయ, రెసిడెన్షియల్ బడులు, ప్రైవేటు బడుల పిల్లలకు ఇది వర్తించదు. పరీక్ష సాధారణంగా నవంబరులో ఉంటుంది. దరఖాస్తు హెడ్‌మాస్టరు ద్వారానే వెళ్లాలి, ఫీజు ఓసీ, బీసీలకు 100, ఎస్సీ, ఎస్టీలకు 50 రూపాయలు. మానసిక సామర్థ్యానికి 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలకు 90 ప్రశ్నలు, ఒక్కోదానికి గంటన్నర సమయం. రెండూ కలిపి 40 శాతం, ఎస్సీ, ఎస్టీలైతే 32 శాతం వస్తేనే ఎంపికకు పరిశీలిస్తారు.

పాఠ్యాంశాల పేపరుకు బడి పుస్తకం చాలు. పిల్లలు తడబడేది మానసిక సామర్థ్యం దగ్గరే. అంకెల శ్రేణులు, అద్దంలో బొమ్మలు, కోడింగ్–డీకోడింగ్ లాంటివి తరగతి పుస్తకాల్లో పెద్దగా ఉండవు. ఆ అలవాటు చేయించే టీచరు ఒక్కరున్న జెడ్పీ హైస్కూలు నుంచి ఏటా పిల్లలు ఎంపికవుతారు, లేని బడి నుంచి ఎంత తెలివైనవాళ్లున్నా పేర్లు రావు. ఈ స్కాలర్‌షిప్ విషయంలో బడి గొప్పతనం కంటే ఆ ఒక్క టీచరు శ్రద్ధే ఎక్కువ లెక్కకొస్తుంది.

గెలుచుకున్నాక నిలబెట్టుకోవడం ఇంకో సంగతి. ఏటా నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో రెన్యువల్ చేయాలి. దాన్ని బడి స్థాయిలో ఒకరు, జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో ఒకరు ధ్రువీకరించాలి. పదో తరగతిలో 60 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీలకు ఐదు శాతం సడలింపు ఉంది. ఇంటర్‌కు ప్రైవేటు కాలేజీలో చేరినా, పదో తరగతి కాగానే పాలిటెక్నిక్‌కు వెళ్లినా మిగతా రెండేళ్ల డబ్బు ఆగిపోతుంది. జూన్‌లో కాలేజీ పీఆర్వోలు ఇంటింటికీ తిరిగే రోజుల్లో ఈ 24,000 రూపాయల సంగతి గుర్తుచేసేవాళ్లు ఉండరు.

ఇంకో చేదు లెక్క కూడా ఉంది. ఈ వాడల్లో చాలా కుటుంబాలు జీతంలో పెద్ద భాగాన్ని సందుల్లో వెలసిన చిన్న ప్రైవేటు బడుల ఫీజులకు పోస్తాయి. ఇంగ్లీషు మీడియం కోసం ఏడో తరగతిలో అక్కడికి మారిన పిల్ల ఎన్‌ఎంఎంఎస్ అర్హతను అప్పుడే పోగొట్టుకుంటుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

రెండు లక్షల గీత

ఇంటర్ నుంచి రాష్ట్ర ప్రభుత్వం ఈపాస్ ద్వారా ఇచ్చే ఫీజు, ఉపకార వేతనాలకు ఆదాయ పరిమితి వేరు. బీసీ, ఈబీసీ, మైనారిటీ కుటుంబాలకు గ్రామాల్లో ఒకటిన్నర లక్షలు, పట్టణాల్లో రెండు లక్షలు. నెలకు 14,000 రూపాయలు వచ్చే హెల్పర్ ఏడాది సంపాదన 1.68 లక్షలు. అతను గ్రామ పంచాయతీలో ఉంటే పరిమితి దాటినట్టు, మున్సిపాలిటీలో ఉంటే లోపలున్నట్టు. బొల్లారం, అమీన్‌పూర్ 2018లో మున్సిపాలిటీలు అయినప్పుడు ఇంటి పన్ను గురించి అందరూ మాట్లాడుకున్నారు, స్కాలర్‌షిప్ గీత మారిందని గమనించినవాళ్లు తక్కువ. ఓటీ కలిపి నెలకు 18,000 తెచ్చుకునేవాడికి 2.16 లక్షలు అవుతుంది. అతను రెండు గీతలూ దాటినట్టే, కానీ ఎన్‌ఎంఎంఎస్‌కు మాత్రం హాయిగా సరిపోతాడు. ఒక పథకానికి పనికిరానంటే అన్నిటికీ పనికిరానని అనుకుని మానేసేవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ తేడా చెప్పుకోవాలి.

ఆదాయ ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దారు ఇస్తారు. కాంట్రాక్టు కార్మికునికి జీతం స్లిప్పు చాలాసార్లు ఉండదు. బడులు తెరిచే జూన్, జులైలో మీసేవ దగ్గర క్యూ కట్టాలంటే ఒక షిఫ్టు కూలి పోతుంది. వేసవిలోనే తీసిపెట్టుకున్నవాళ్లకు ఆ నష్టం తప్పుతుంది.

తొమ్మిది, పది తరగతుల ఎస్సీ పిల్లలకు కేంద్ర ప్రీమెట్రిక్ పథకం ఉంది. ఇంటి నుంచి వచ్చి చదివేవాళ్లకు ఏడాదికి 3,500, హాస్టల్లో ఉండేవాళ్లకు 7,000 రూపాయలు, ఆదాయ పరిమితి 2.5 లక్షలు. మురుగు కాలువలు శుభ్రం చేసేవాళ్లు, తోళ్ల పనివాళ్లు, చెత్త ఏరుకునేవాళ్ల పిల్లలకు ఒకటో తరగతి నుంచే ఇంకో పథకం ఉంది. దానికి కులమూ అడ్డం కాదు, ఆదాయ పరిమితీ లేదు. పారిశ్రామిక వాడల వెనక బస్తీల్లో దీనికి తగిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. తాము చేసే పనిని కాగితం మీద రాయించుకోవడానికి మొహమాటపడి చాలామంది అడగరు. మైనారిటీ పిల్లల ప్రీమెట్రిక్ స్కాలర్‌షిప్‌ను కేంద్రం 2022లో తొమ్మిది, పది తరగతులకే కుదించింది.

ఇంటిపేరు గొడవ

స్కాలర్‌షిప్ డబ్బు నేరుగా ఆధార్‌తో జోడించిన బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఇక్కడే తెలుగువాళ్లకొక ప్రత్యేకమైన ఇబ్బంది. బడి రిజిస్టరులో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా చివర ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో అసలు ఉండదు. చదివే మనిషికి ముగ్గురూ ఒకరే, కంప్యూటరుకు ముగ్గురు వేరువేరు మనుషులు. పోర్టల్ దరఖాస్తును తిప్పికొడుతుంది, గడువు దాటిపోతుంది. అందుకే అనుభవమున్న హెడ్‌మాస్టర్లు ఏడో తరగతిలోనే ఆధార్‌లో పేరూ పుట్టినతేదీ బడి రికార్డుతో సరిపోయేలా దిద్దించమని తల్లిదండ్రుల వెంటపడతారు. లావాదేవీలు లేక నిద్రపోయిన జీరో బ్యాలెన్సు ఖాతా, గది మారినప్పుడు పోయిన ఫోన్ నంబరు కూడా ఇలాంటి గండాలే. ఓటీపీ వెళ్లేది ఆ పాత నంబరుకే.

కార్మికుని బిడ్డగా

కార్మిక సంక్షేమ నిధి గురించి వాడలో పనిచేసేవాళ్లకు ఆశ్చర్యం కలిగేంత తక్కువ తెలుసు. 1987 నాటి చట్టం ప్రకారం ఫ్యాక్టరీలు, దుకాణాల్లో పనిచేసే ప్రతి కార్మికుడి జీతం నుంచి ఏడాదికోసారి 2 రూపాయలు కోసి, యాజమాన్యం 5 రూపాయలు కలిపి బోర్డుకు కడుతుంది. ఆ నిధి నుంచి కార్మికుల పిల్లలకు పదో తరగతి, ఆపై చదువుల్లో మార్కులను బట్టి స్కాలర్‌షిప్‌లు ఇస్తారు. మొత్తం చిన్నదే. దరఖాస్తు మీద యాజమాన్యం సంతకం ఉండాలి, కాంట్రాక్టు కార్మికుడికి యాజమాన్యం ఎవరన్నదే పెద్ద ప్రశ్న: గేటు మీద పేరున్న కంపెనీయా, జీతమిచ్చే కాంట్రాక్టరా? ఎవరి పేరుతో కోత కోశారో ఆ సంస్థే సంతకం పెట్టాలి. కాబట్టి ముందు కోత పడుతోందో లేదో చూసుకోవాలి.

ఈఎస్‌ఐ కార్డును అందరూ ఆసుపత్రి కోసమే దాచుకుంటారు. బీమా ఉన్న కార్మికుల పిల్లలకు ఈఎస్‌ఐ వైద్య కళాశాలల్లో ఎంబీబీఎస్ సీట్ల కోటా ఉంది. అలాంటి కళాశాల ఒకటి సనత్‌నగర్‌లో, పటాన్‌చెరు నుంచి సిటీ బస్సు దూరంలోనే ఉంది. నీట్ ర్యాంకుతో పాటు తండ్రి చందా నిర్ణీత కాలం పాటు కట్టి ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కొత్త ఈఎస్‌ఐ నంబరు తీసుకుంటే ఆ లెక్క తెగిపోయే ప్రమాదం ఉంది. పాత నంబరునే కొనసాగించమని అడగాలి.

వలస పిల్లలు

ఒడిశా నుంచి వచ్చిన ఎస్సీ కుటుంబపు పిల్లవాడు పాశమైలారం దగ్గర ప్రభుత్వ బడిలో చదివితే ఎన్‌ఎంఎంఎస్ రాయవచ్చు. కానీ తెలంగాణ ఎస్సీగా అతన్ని లెక్కించరు. కులాల జాబితా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే అన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1990లో స్థిరపరిచింది. ఆ కేసు వేసినవాడు తెలుగువాడే కావడం విచిత్రం. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయి చేరి, అక్కడి వైద్య కళాశాలలో ఎస్టీ సీటు అడిగిన విద్యార్థికి కోర్టు కాదంది. నాడు బొంబాయిలో తెలుగు కుర్రాడికి అడ్డుపడిన సూత్రమే నేడు పటాన్‌చెరులో ఒడియా కుర్రాడికి అడ్డుపడుతోంది.

కంపెనీల డబ్బు

2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుచేయాలి, స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలి. ఆ డబ్బు బడులకు ఎక్కువగా తరగతి గదులు, బెంచీలు, మరుగుదొడ్ల రూపంలో వస్తుంది. గోడ మీద పేరు రాయించవచ్చు, పిల్లవాడి ఫీజు మీద రాయించలేరు. అందుకని విద్యార్థి చేతికి నేరుగా అందే సాయాన్ని చుట్టుపక్కల ఫ్యాక్టరీ గేట్ల దగ్గర కాకుండా ట్రస్టుల దగ్గర వెతకాలి.

సరోజినీ దామోదరన్ ఫౌండేషన్ 1999 నుంచి నడుపుతున్న విద్యాధన్ పదో తరగతి పాసైన పిల్లలకు ఇంటర్ చదువుకు సాయం చేస్తుంది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఉంది. కుటుంబ ఆదాయం 2 లక్షల లోపు ఉండి, పదో తరగతిలో 90 శాతం స్థాయి మార్కులు రావాలి. పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. పాలిటెక్నిక్ వైపు వెళ్లేవాళ్లకు కె.సి. మహీంద్రా ట్రస్టు 1995 నుంచి ఇస్తున్న స్కాలర్‌షిప్ ఉంది: ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చేరినవాళ్లకు ఏటా 10,000 చొప్పున మూడేళ్లు. ఎన్‌ఎంఎంఎస్ వదులుకుని డిప్లొమాకు వెళ్లే పిల్లకు ఇది దాదాపు సరిజోడు.

చేతికి డబ్బు రాని సాయాలు

గురుకులాలు, వర్గల్ నవోదయ విద్యాలయం నగదు ఇవ్వవు. తిండి, బస, చదువు ఇస్తాయి, వాటి విలువ ఏ స్కాలర్‌షిప్ కంటే ఎక్కువే. అక్కడ చేరిన పిల్లకు ఎన్‌ఎంఎంఎస్ రాదు, అందులో నష్టమూ లేదు. ఎస్సీ పిల్లలకు తొమ్మిది, పదకొండు తరగతుల్లో పేరున్న ప్రైవేటు రెసిడెన్షియల్ బడుల్లో సీట్లిచ్చే శ్రేష్ఠ పథకానికి జాతీయ స్థాయి ప్రవేశపరీక్ష ఉంటుంది. వీటికి భిన్నంగా, కొత్త ఆలోచన ఉన్న పిల్లలకు నగదే ఇచ్చే ఇన్‌స్పైర్ మానక్ ఉంది. బడి పంపిన ఆలోచన ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు విద్యార్థి ఖాతాలో వేస్తారు. యంత్రాల మధ్య పెరిగే ఈ ప్రాంతపు పిల్లలకు వస్తువుల కొరత ఉండదు. నాన్న పనిచేసే షెడ్డులో ఏ బెల్టు ఎందుకు జారుతుందో వాళ్లకు ముందే తెలుసు.

ఆగిపోయిన పథకాలు

1963లో మొదలై దశాబ్దాల పాటు ప్రతిష్ఠాత్మకంగా సాగిన నేషనల్ టాలెంట్ సెర్చ్ పరీక్ష 2021 నుంచి నిలిచిపోయింది. ఇంటర్ సైన్సు విద్యార్థుల కేవీపీవై స్కాలర్‌షిప్ 2022లో ఇన్‌స్పైర్‌లో కలిసిపోయింది. పాత గైడు పుస్తకాల్లో, వాట్సాప్ జాబితాల్లో ఇవి ఇంకా ఉన్నాయి. వీటి పేరు చెప్పి దరఖాస్తు రుసుము అడిగితే అది మోసమే. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తుకు ఏ ఫీజూ లేదు.