మర్రిగూడ పళ్లు, హైదరాబాద్ వెనీర్లు (నీళ్లూ కులమూ – 6వ భాగం)



పోయిన భాగంలో ఊరి బావి గురించి మాట్లాడుకున్నాం. ఈసారి నోటి గురించి మాట్లాడుకుందాం.

మర్రిగూడ, చింతపల్లి, నాంపల్లి, మునుగోడు దిక్కు పోయి పాతికేళ్లు దాటినోళ్లను నలుగురిని నిలబెట్టి ఫొటో తీయండి. నవ్వమంటే పెదాలు బిగబడతరు. ఆడపిల్లలైతే చెయ్యో చున్నీయో నోటికి అడ్డం పెట్టుకుంటరు. చూసినోళ్లు సిగ్గు అనుకుంటరు. అది సిగ్గు కాదు, చరిత్ర. పళ్ల మీద గోధుమ రంగు చారలు, సున్నపు మచ్చలు, అక్కడక్కడ పెచ్చులు లేచిన గుంటలు. ఆ చారల్లో ఈ నేల మీద నడిచిన ప్రభుత్వాలన్నిటి లెక్కా ఉంది.

హైదరాబాద్‌లో ఇప్పుడు నవ్వు కూడా సరుకే. స్మైల్ డిజైనింగ్ బోర్డులు పెద్ద రోడ్ల నిండా కనబడతయి. అక్కడ ఎక్కువగా అమ్మేది వెనీర్లు. ముందు పళ్ల పైపొరను కొద్దిగా, మామూలుగా అర మిల్లీమీటరు మందాన అరగదీసి, దాని మీద గోరు లాంటి పల్చటి పింగాణీ రేకును అతికిస్తరు. ఒక్కో పన్నుకు వేల రూపాయలు. నవ్వితే కనబడేవి ఆరో ఎనిమిదో పళ్లుంటయి, లెక్క మీరే కట్టుకోండి. పదేళ్లకో పదిహేనేళ్లకో మళ్లీ మార్చుకోవాలె. అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు కాబట్టి ఒకసారి మొదలుపెడితే జీవితాంతం ఖర్చే.

పెండ్లి చూపులకు ముందు, ఉద్యోగం ఇంటర్వ్యూకు ముందు అప్పు చేసైనా పళ్లు బాగుచేయించుకోవాలనుకునే పిల్లలు మన దిక్కు ఉన్నరు. వాళ్లను చూసి "సోకు" అని నవ్వేటోళ్ల కోసమే ఈ భాగం రాస్తున్న.

ముందు ఈ రేకుల కథ చూద్దాం. 1920ల చివర, 30లలో హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు సినిమా నటుల పళ్లకు పల్చటి తొడుగులు చేసేవాడు. షూటింగ్ సేపు అతికించుకొని తర్వాత తీసేసేవాళ్లు. పాలపళ్లు ఊడిపోయిన చిన్నారి షిర్లీ టెంపుల్ తెర మీద నిండు పలువరుసతో కనబడ్డది ఆ తొడుగులతోనే. అప్పట్లో గట్టిగా అంటించే ఉపాయం లేదు. 1955లో అమెరికాలో మైకేల్ బ్యూనోకోర్ పన్ను ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేస్తే జిగురు పట్టుకుంటదని చూపించిండు. 1980ల మొదట్లో పింగాణీ రేకు లోపలి వైపును కూడా గరుకు చేయడం నేర్చుకున్నరు. దేనితో చేసిన్రో తెలుసా? హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో. మన పళ్లు ఖరాబు చేసిన ఫ్లోరిన్‌తోనే పట్నం పళ్లకు పింగాణీ అతుకుతున్నది!

ఇంకో సంగతి. ఫ్లోరైడ్ తిన్న ఎనామిల్‌కు ఆ ఆమ్లం సరిగ్గా ఎక్కదు, జిగురు సరిగ్గా పట్టదు. డాక్టర్లు ఇంకొంచెం ఎక్కువ సేపు ఆమ్లం పెట్టాలె, ఇంకొంచెం అరగదీయాలె. అంటే ఎవరికి వెనీరు నిజంగా అవసరమో వాళ్ల పంటి మీదనే అది కష్టంగా నిలుస్తది.

బ్యూనోకోర్ పరిశోధన వచ్చిన అదే 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇంకో వ్యాసం వచ్చింది. రాసింది డాక్టర్ సిద్దిఖీ. విషయం హైదరాబాద్ దక్కన్, నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్. ఒకే ఏడు ఒక దేశంలో పన్నుకు మెరుగు పెట్టే శాస్త్రం పుట్టింది, ఇంకో దేశంలో పన్నూ ఎముకా కరాబవుతున్న జనం వార్త లోకానికి చేరింది. మొదటిది వ్యాపారమైంది. రెండోది ఫైలైంది.

అది మొదటి వార్త కూడా కాదు. 1937లోనే అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఈ రోగాన్ని షార్ట్, పండిట్, రాఘవాచారి గుర్తించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాసిన్రు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి ఫ్లోరైడ్ ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లల గురించి లాన్సెట్ పత్రికలో రాసిన్రు. 1970లలోనే నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేసింది. దాని పేరే నల్గొండ టెక్నిక్. ఇథియోపియా, టాంజానియా దాకా ఆ పేరు పోయింది. జిల్లా పేరు ఖండాలు దాటింది, శుభ్రమైన నీళ్లు మాత్రం జిల్లాలో గడప దాటి లోపలికి రాలేదు.

"అది భూమి గుణం, ఎవరేం చేస్తరు" అనేటోళ్లకు అమెరికా ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊరి కథ చెప్పాలె. అక్కడ కొత్త నీళ్ల పైపు వేసినంక పిల్లల పళ్లకు మచ్చలొస్తున్నయని తల్లులు కనిపెట్టిన్రు. ఫ్రెడరిక్ మెక్కే అనే దంతవైద్యుడు వచ్చి చూసి నీళ్లనే అనుమానించిండు. 1925లో ఊరు ఆ పైపును వదిలేసి వేరే ఊట నీళ్లకు మారింది. కొన్నేళ్లలో కొత్తగా వచ్చే పళ్లు తెల్లగా వచ్చినయి. నీళ్లలో ఉన్నది ఫ్లోరైడ్ అని తేలింది ఆ తర్వాత, 1931లో. కారణం పేరు కూడా తెలియకముందే తల్లుల మాట విని నీళ్లు మార్చిన్రు. మన దగ్గర పేరు, కొలత, వ్యాసాలు, యంత్రాలు అన్నీ తెలిసినంక కూడా రెండు మూడు తరాలు తాగినయి.

ఇక్కడ కులం ఎక్కడుంది అంటరు. ఫ్లోరైడ్‌కు కులం లేదు, నిజమే. మన కింద ఉన్నది గ్రానైటు. రాయిలోని ఫ్లోరిన్ ఖనిజాలు నీళ్లలో కరుగుతయి. పాత తవ్వుడు బావుల్లో కూడా ఫ్లోరైడ్ ఉండేది. కానీ నీళ్ల దాకా పోయే దారికి కులం ఉంది. ఊరి మంచినీళ్ల బావి గిలక మన చేతికి అందలేదు. ఎవరో తోడిపోస్తే దోసిలి పట్టాలె. 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగింది ఈ దోసిలిని తెంపడానికే.

తర్వాత 1970లు, 80లలో వాడవాడకు బోరింగులొచ్చినయి. మన పెద్దలకు ఆ చేతిపంపు అంటే ఎంత సంబురమో ఆలోచించండి. ఎవరినీ బతిమాలనక్కర లేదు, మన చెయ్యి, మన బిందె, మన నీళ్లు. కానీ ఆ బోరు రాతి పొరల్లోకి దిగింది. చెరువులెండి, నీటిమట్టం పడిపోయిన కొద్దీ ఇంకా లోతుకు దిగింది. అంటరానితనం నుంచి తప్పించిన పంపే మన పిల్లల నోట్లో ఫ్లోరైడ్ పోసింది. బోరు వేసినోళ్లు నీళ్లు పడ్డయా లేదా చూసిన్రు, ఆ నీళ్లలో ఏముందో చూసి చెప్పలేదు. ఉన్నోళ్లు క్యాన్లు కొనుక్కున్నరు, పిల్లలను పట్నంల హాస్టళ్లలో వేసిన్రు. కూలికి పోయేటోళ్లు ఎండలో రోజుకు నాలుగైదు లీటర్లు ఆ నీళ్లే తాగిన్రు. ఎక్కువ తాగినోళ్ల ఒంట్లో ఎక్కువ చేరుతది. ఇది డాక్టర్ల లెక్క, కులం లెక్క కూడా.

ఇంకో నీళ్ల కథ సాగర్ రోడ్డు వెంట నడుస్తది. 2004 నుంచి కృష్ణా నీళ్లు కోదండాపూర్‌లో శుద్ధయి, నసర్లపల్లి, గోడకొండ్ల పంపుహౌసుల మీదుగా హైదరాబాద్ పోతున్నయి. గోడకొండ్ల ఉన్నది మర్రిగూడ పక్కనున్న చింతపల్లి మండలంలోనే. ఫ్లోరైడ్ ఊళ్ల పక్క నుంచే మంచినీళ్లు పట్నం పోయినయి. మన పిల్లలు చదువుకొని అదే పట్నం పోయి, ఆ నీళ్లు తాగి పెరిగిన తెల్ల పళ్ల పక్కన కూర్చొని నోరు మూసుకున్నరు.

జనం ఊరికే లేరు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి నల్లగొండలో వందల నామినేషన్లు వేయించింది. 480 మంది పోటీలో నిలిచిన్రు. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడ్డది. మర్రిగూడ మండలం శివన్నగూడెంకు చెందిన అంశల స్వామి, వంగిపోయిన తన దేహాన్నే సాక్ష్యంగా మోసుకొని ప్రధాని వాజపేయి ముందు దాకా పోయిండు. 2023 జనవరిలో కన్నుమూసేదాకా ఈ పోరాటానికి ఆయన ముఖమే గుర్తు.

మిషన్ భగీరథ వచ్చింది. 2020లో కేంద్రం పార్లమెంటులో తెలంగాణలో ఫ్లోరైడ్ ఆవాసాలు సున్నా అని చెప్పింది. నల్లా నీళ్లు వచ్చినచోట మంచిదే, కాదనను. కానీ ఆ సున్నా నీళ్ల లెక్క, పళ్ల లెక్క కాదు. పంటి మచ్చ బయట పట్టే పాచి కాదు, తోమితే పోదు. చిన్నతనంలో, సుమారు ఎనిమిదేళ్ల లోపు, చిగురు కింద పన్ను తయారయ్యేటప్పుడే ఎనామిల్ లోపల పడే గుర్తు అది. నీళ్లు మారితే ఇక పుట్టబోయే పిల్లల పళ్లు మారుతయి. అప్పటికే తయారైన పళ్లు మారవు. ఇప్పుడు ఇరవై, ముప్పై, నలభై ఏళ్లున్నోళ్లంతా ఆ మచ్చలతోనే ముసలోళ్లు కావాలె.

వంగిన ఎముకకు కనీసం పెన్షన్ ఉంది. పంటికి ఏమీ లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, పళ్ల ఫ్లోరోసిస్ అందులో లేదు. అది అందానికి సంబంధించినదట! పీష్వాల పూనాలో అంటరానోళ్లు ఉమ్ము నేల మీద పడకుండా మెడలో ముంత కట్టుకోవాల్సి వచ్చిందని 1936లో బాబాసాహెబ్ కులనిర్మూలనలో రాసిండు. దొర ముందు పళ్లికిలిస్తే తన్నులు తిన్న తాతలు మనకు తెలుసు. మన నోరు తెరవడం ఎప్పుడూ నేరమే. ఇప్పుడు ఎవరూ కొట్టకుండానే మన చెయ్యి నోటి మీదికి పోతున్నది. దాన్ని సోకు అని కొట్టేయకండి.

మేం అడిగేది అందరికీ పింగాణీ రేకులు కాదు. మచ్చ తేలికగా ఉంటే పైపొర పాలిష్ చాలు, మధ్యరకానికి పంటి రంగు కాంపోజిట్ పూత చాలు, బాగా పెచ్చులూడినోళ్లకే వెనీర్లో క్యాపులో కావాలె. ఏది ఎవరికో డాక్టర్లు చెప్తరు. ఆ ఖర్చు తాగినోళ్లది కాదు, తాగించినోళ్లది. మర్రిగూడ దవాఖానలో పళ్ల డాక్టరు ఉండాలె, ఆరోగ్యశ్రీలో ఈ చికిత్స చేరాలె, నీళ్లు రాకముందు పుట్టినోళ్లందరి పళ్లూ ఊరూరా పరీక్ష చేయాలె. దీన్ని సాయం అనకండి. బాకీ అనండి.

వచ్చే భాగంలో చెరువుల గురించి. ఎండినవి ఎట్లా ఎండినయి, వాటి శిఖం భూములు ఎవరి చేతికి పోయినయి.

జై భీమ్.